కున్ ఖ్మేర్ ఛాంపియన్ ఎలా తయారవుతాడు? కెరీర్ ఎన్నేళ్లు, ఒంటి మీద పడే భారం ఎంత?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నాకు 21 ఏళ్లు. హైదరాబాద్‌లో రెండేళ్లుగా ముయే థాయ్ (థాయ్ బాక్సింగ్) నేర్చుకుంటున్నాను. కంబోడియా ఛాంపియన్ ఎయ్ ఫూథాంగ్ పాత బౌట్లు వీడియోల్లో చూశాను. అలాంటివాళ్లు ఎలా తయారవుతారు, ఎన్నేళ్లు ఆడతారు, చివరికి ఏం మిగులుతుంది? నేను అక్కడికి వెళ్లి శిక్షణ తీసుకుంటే ఎక్కడిదాకా వెళ్లగలను?"

సూటిగా చెప్తాను. కున్ ఖ్మేర్ అంటే కంబోడియా సంప్రదాయ బాక్సింగ్. అక్కడ ఛాంపియన్‌ని తయారుచేసేది బౌట్ల సంఖ్య. పన్నెండు, పదమూడేళ్లకే పల్లె జాతరల్లో రింగెక్కిన పిల్లవాడు ఇరవై దాటేసరికి మన దగ్గర ఒక కోచ్ జీవితమంతా చూసేన్ని బౌట్లు ఆడేసి ఉంటాడు. వంద బౌట్లు దాటినవాళ్లు కంబోడియాలో అరుదేమీ కాదు. పెద్ద రింగుల్లో కెరీర్ పది పన్నెండేళ్లు, అందులో మంచి రోజులు నాలుగైదేళ్లు. 21 ఏళ్లకు వెళ్లే మీరు ఆ సంఖ్యను అందుకోలేరు, అందుకోవాలని ప్రయత్నించకండి కూడా. క్లించ్ (దగ్గరగా మెడ పట్టి పెనుగులాడటం), మోచేయి దెబ్బ బాగా తెలిసిన, పది పదిహేను బౌట్ల అనుభవమున్న బాక్సర్‌గా తిరిగి రావడం మాత్రం సాధ్యమే. అందుకు కనీసం మూడు నెలలు, దెబ్బ తగిలినప్పుడు ఆగే ఓర్పు, ముందే చేయించుకున్న కొన్ని వైద్య పరీక్షలు కావాలి.

ఇక వివరంగా.

ముందు ఆట సంగతి. దీనికి రెండు పేర్లున్నాయి. పాత పేరు ప్రదాల్ సెరేయ్. ప్రదాల్ అంటే బాక్సింగ్, సెరేయ్ అంటే స్వేచ్ఛ. ఈ రెండో మాట పాళీ 'సేరీ' నుంచి వచ్చింది, మన 'స్వైరం' దానికి చుట్టమే. ఈమధ్య అందరూ వాడుతున్నది కున్ ఖ్మేర్. గురువును 'క్రూ' అంటారు, తలకు కట్టే పవిత్ర పట్టీని 'మోంగ్‌కోల్' అంటారు. ఒకటి మన 'గురు', రెండోది మన 'మంగళం'. బౌట్‌కు ముందు గురువుకు మొక్కుతూ చేసే నెమ్మదైన నృత్యం 'కున్ క్రూ'. పక్కనే డోలు, స్రలై అనే సన్నాయి లాంటి వాద్యం, ఛింగ్ అనే తాళాలు మోగుతుంటాయి. బౌట్ వేడెక్కేకొద్దీ వాయిద్యం వేగం పెరుగుతుంది. కొత్తవాళ్లు ఈ వేగానికి లొంగిపోయి మూడో రౌండ్‌కే అలిసిపోతారు. సంగీతాన్ని పట్టించుకోకుండా కార్నర్ (రింగ్ మూలన ఉండే కోచ్ బృందం) మాట వినడం కూడా అక్కడ ఒక నైపుణ్యమే.

నియమాలు క్లుప్తంగా: ఐదు రౌండ్లు, ఒక్కొక్కటి 3 నిమిషాలు, మధ్యలో ఒకటిన్నర నుంచి రెండు నిమిషాల విరామం. రింగ్ ఒక్కో వైపు 6.1 మీటర్లు. పిడికిలి, కాలు, మోకాలు, మోచేయి, క్లించ్ అన్నీ చెల్లుతాయి. పడిపోయినవాణ్ని కొట్టడం, తలతో గుద్దడం, వీపు మీద, గజ్జల్లో కొట్టడం, తాడు పట్టుకోవడం కుదరవు. మీకు తెలిసిన ముయే థాయ్‌కి ఇదంతా చాలా దగ్గర. పెద్ద తేడా లయలో కనిపిస్తుంది. బ్యాంకాక్ పెద్ద స్టేడియాల్లో మొదటి రెండు రౌండ్లు కొలతలు వేసుకుంటూ సాగి మూడు, నాలుగు రౌండ్లలో అసలు ఆట పడుతుంది. కంబోడియా రాజధాని నాంపెన్ టీవీ బౌట్లలో చాలాసార్లు మొదటి రౌండ్ గంట మోగగానే దెబ్బలాట. మోచేయికి ఇచ్చే చోటు ఎక్కువ. నాకౌట్లలో మోచేయి వాటా కూడా పెద్దదే. మీరు ఎయ్ ఫూథాంగ్ వీడియోల్లో చూసింది ఈ లయే.

ఆయన గురించి ఒక మాట. ఫూథాంగ్‌ది కోకాంగ్. కంబోడియా నైరుతి మూలన, థాయ్‌లాండ్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న సముద్రతీర ప్రాంతం. 1975లో పుట్టాడు. ఆ సంవత్సరం గుర్తుపెట్టుకోండి, అది తెలియకపోతే ఏ ఖ్మేర్ ఛాంపియన్ కథా పూర్తిగా అర్థం కాదు. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం నాంపెన్‌ను పట్టుకుంది. నగరాన్ని ఖాళీ చేయించి జనాన్ని పొలాలకు తోలింది. 1979 జనవరి 7న ఆ పాలన కూలేలోపు పదిహేను నుంచి ఇరవై లక్షల మంది చనిపోయారని అంచనా. బాక్సింగ్ నిషేధం. 1960లలో, 70ల మొదట్లో పేరున్న బాక్సర్లు, క్రూలలో చాలామంది చంపబడ్డారు, ఆకలితో పోయారు, లేదా శరణార్థి శిబిరాలు దాటి అమెరికా, ఫ్రాన్స్ చేరారు. అంగ్‌కోర్ కాలపు బేయోన్ ఆలయం గోడల మీద చెక్కిన మల్లులు మిగిలారు కానీ, ఆ పట్టు ఎలా పట్టాలో చేయి పట్టి నేర్పే మనుషులు దాదాపు మిగల్లేదు.

ఈ తెగిన దారం ప్రభావం ఆటలో నేరుగా కనిపిస్తుంది. 1980ల చివర, 90లలో మళ్లీ రింగులు లేచినప్పుడు, బతికి బయటపడ్డ కొద్దిమంది క్రూలు తమకు గుర్తున్నది నేర్పారు. సరిహద్దు జిల్లాల కుర్రాళ్లు థాయ్‌లాండ్ వైపు రింగుల్లోనూ ఆడి అక్కడి పద్ధతులు తెచ్చుకున్నారు. ఫూథాంగ్ ఆ తరం మనిషి. 1990ల చివర, 2000లలో దేశమంతా వారాంతం టీవీ ముందు కూర్చునేది ఇతని లాంటివాళ్ల కోసమే. కరెంటు లేని పల్లెల్లో బ్యాటరీతో నడిచే టీవీ ఉన్న టీ కొట్టు చుట్టూ ఊరంతా మూగేది. ఆ తర్వాతి వరుసలో వోన్ వీవా, కేవ్ రుమ్‌చోంగ్ లాంటివాళ్లు వచ్చారు. దేశం తన పేరు తాను తిరిగి పలకడం నేర్చుకుంటున్న రోజుల్లో రింగ్‌లో నిలబడ్డ మనుషులు వీళ్లు. అందుకే అక్కడి పెద్దవాళ్లు వీళ్ల పేరు ఎత్తినప్పుడు గొంతులో ఒక గౌరవం వినిపిస్తుంది.

పేరు గొడవ కూడా అక్కడి నుంచే. థాయ్, ఖ్మేర్, లావో, బర్మా ఆటలన్నిటికీ కలిపి 'సువర్ణభూమి' పేరు పెడదామని 1990లలో కంబోడియా ప్రతిపాదించింది. థాయ్‌లాండ్ ఒప్పుకోలేదు. 2023 మేలో నాంపెన్‌లో ఆగ్నేయాసియా క్రీడలు జరిగినప్పుడు కంబోడియా ఈ ఆటను కున్ ఖ్మేర్ పేరుతోనే పెట్టింది, థాయ్‌లాండ్ ఆ విభాగంలో పాల్గొనలేదు. మీరు అక్కడ జిమ్‌లో అడుగుపెట్టాక "నేను ముయే థాయ్ ఆడతాను" అనకండి. "కున్ ఖ్మేర్ నేర్చుకోవడానికి వచ్చాను" అనండి. ఆ ఒక్క మాటతో క్రూ మీ వైపు చూసే చూపు మారుతుంది.

'ఛాంపియన్' అనే మాటను ఎలా చదవాలి. టీవీ చానళ్లు, బీరు కంపెనీలు, ఎనర్జీ డ్రింక్ కంపెనీలు పోటీలు పెట్టి ఎవరి బెల్టు వాళ్లు ఇస్తుంటారు. ఒకే బరువులో ఒకే ఏడాది ముగ్గురు ఛాంపియన్లు ఉండొచ్చు. రికార్డుల పుస్తకం కూడా కచ్చితం కాదు, పల్లె బౌట్లు ఎక్కడా రాయరు. అందుకని ఒక బాక్సర్ స్థాయి తెలుసుకోవాలంటే నేను చూసేవి నాలుగే: ఏ బరువులో ఆడాడు, తనకంటే అనుభవమున్నవాళ్లను గెలిచాడా, ఓడినవాడితో మళ్లీ ఆడాడా, నాలుగో రౌండ్‌లో వెనకబడి ఉన్నప్పుడు ఏం చేశాడు. చివరిది అన్నిటికంటే ముఖ్యం.

దారి మామూలుగా ఇలా ఉంటుంది. తండ్రో, మేనమామో, ఊళ్లో మాజీ బాక్సరో నేర్పుతాడు. ఏప్రిల్ మధ్యలో వచ్చే ఖ్మేర్ కొత్త సంవత్సరం, నవంబరు ప్రాంతంలో వచ్చే నీటి పండుగ, బుద్ధ విహారాల ఉత్సవాలు... వీటిలో తాత్కాలిక రింగ్ కడతారు. అక్కడ నలుగురి కంట్లో పడ్డ కుర్రాణ్ని జిల్లా క్లబ్ తీసుకుంటుంది, బట్టంబాంగ్ ఈ విషయంలో పేరున్న చోటు. అక్కడి నుంచి నాంపెన్ క్లబ్. క్లబ్‌లోనే పడుకోవడం, అక్కడే తినడం. చాలా క్లబ్బులకు సైన్యంతోనో, పోలీసు శాఖతోనో అనుబంధం ఉంటుంది. పేరొచ్చిన బాక్సర్‌కు ఉద్యోగం దొరికే దారి కూడా అదే. టీవీ బౌట్లు మొదలయ్యాక నెలకు ఒకటి రెండు ఆడటం మామూలు. ఇక్కడే కెరీర్లు నిలబడతాయి, ఇక్కడే విరిగిపోతాయి. ఎందుకో దెబ్బల దగ్గర చెప్తాను.

రోజువారీ శిక్షణ. మీరు వెళ్లే ముందు ఆరు వారాలు ఇంట్లోనే దీన్ని సగం మోతాదులో చేయండి. అలవాటు లేకుండా నేరుగా వెళ్తే రెండో వారంలో పిక్కలో, మడమ నరంలో నొప్పి పట్టుకుంటుంది.

తెల్లవారుజామున 5 గంటలకు 8 నుంచి 10 కిలోమీటర్ల పరుగు, వారానికి ఆరు రోజులు. తర్వాత 15 నిమిషాలు స్కిప్పింగ్, 3 రౌండ్లు షాడో (గాలిలో గుద్దుతూ సాధన), 4 రౌండ్లు బ్యాగ్, 4 లేదా 5 రౌండ్లు ప్యాడ్స్ (కోచ్ చేతికి తొడుక్కునే దిండ్ల మీద కొట్టడం). మధ్యాహ్నం 3 తర్వాత మళ్లీ అదే, అదనంగా 20 నుంచి 30 నిమిషాలు ఆగకుండా క్లించ్. చివర్లో సిట్-అప్స్ 200, మెడకు వ్యాయామం. బయటనుంచి వచ్చినవాళ్లు ప్యాడ్స్‌ను చూసి మురిసిపోతారు, క్లించ్ అనగానే నీళ్లు తాగడానికి వెళ్తారు. తేడా వచ్చేది అక్కడే. అవతలివాడు అరవై కిలోల పిల్లవాడే అయినా పదేళ్లుగా మెడ పట్టు పట్టినవాడు. రెండు నిమిషాల్లో మీ చేతులు సీసంలా బరువెక్కుతాయి.

క్లించ్‌లో కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే: రెండు చేతులూ వేళ్లు పెనవేసి మెడ వెనక పట్టుకుంటారు. వేళ్లు పెనవేస్తే అవతలివాడు తోసినప్పుడు వేలు విరుగుతుంది. ఒక అరచేయి మీద ఇంకో అరచేయి వేసి, తల వెనక పైభాగం మీద (మెడ మీద వేస్తే పట్టు జారుతుంది), మోచేతులు లోపలికి దగ్గరగా, మీ నుదురు అవతలివాడి కణతకు ఆనించి నిలబడాలి. నడుం అతనికి దగ్గరగా ఉండాలి. నడుం వెనక్కి పోయి, తల ముందుకు వంగిందంటే మోకాలు మీ మొహానికే వస్తుంది.

మోచేయి. మీరు నేర్చుకోవాల్సిన అసలు సరుకు ఇది, కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. మీ అరచేయి అవతలివాడి భుజాన్ని సులువుగా తాకగలిగితే మోచేయికి దూరం సరిపోయినట్టు. అంతకంటే దూరం నుంచి విసిరితే గాలికి పోతుంది, మీ గడ్డం ఖాళీగా మిగులుతుంది. పిడికిలి బిగించకండి, వేళ్లు వదులుగా ఉంచి, మణికట్టు మీ ఛాతీ వైపు మడవండి. పిడికిలి బిగిస్తే ముంజేయి కండరాలు గట్టిపడి భుజం నెమ్మదిస్తుంది. బలం వెనక కాలి మడమ తిరగడం నుంచి మొదలై నడుం, భుజం మీదుగా రావాలి. తాకాల్సింది మోచేతి మొనకు కొద్దిగా ముంజేయి వైపు ఉన్న గట్టి ఎముక. సరిగ్గా మొన లోపలివైపు తగిలితే అక్కడున్న నరం మొద్దుబారి, చిటికెన వేలిదాకా తిమ్మిరెక్కుతుంది, ఆ రౌండ్‌కు ఆ చేయి పోయినట్టే.

అడ్డంగా కోసే మోచేయి కనుబొమ్మ మీద చర్మం చీలుస్తుంది. పైనుంచి వాలుగా దిగేది, దవడ మీద పడేది నాకౌట్ చేస్తుంది. ఖ్మేర్ బాక్సర్లు ఎక్కువగా వాడే దారులు మూడు. మొదటిది, ముందు చేత్తో అవతలివాడి గార్డ్‌ను (మొహానికి అడ్డం పెట్టిన చేతులను) కిందికి నొక్కి అదే క్షణం వెనక మోచేయి. రెండోది, క్లించ్ విడిపోతున్నప్పుడు, రిఫరీ ఇంకా రాకముందు. మూడోది, అవతలివాడు ముందుకొచ్చి హుక్ (పక్క నుంచి వచ్చే గుద్దు) వేస్తున్నప్పుడు దాని లోపల నుంచి. మూడోది అందంగా ఉంటుంది, నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. మొదటిదాన్ని మూడు నెలల్లో పట్టుకోవచ్చు. రోజూ ప్యాడ్స్ మీద ఒక రౌండ్ మొత్తం దానికే పెట్టి, ఒక్కో వైపు 30 సార్లు చేయండి. స్పారింగ్‌లో (తోటివాడితో సాధనగా ఆడేటప్పుడు) మోచేతి ప్యాడ్లు వేసుకుని తాకించడం వరకే. ప్యాడ్ ఉన్నా బలంగా కొట్టే జిమ్ అయితే ఆ జిమ్ మానేయండి.

షిన్ (మోకాలి కింద ముందువైపు) ఎముక గట్టిపడటం గురించి మన దగ్గర చాలా పిచ్చి నమ్మకాలున్నాయి. సీసాతో రుద్దడం, కర్రతో కొట్టుకోవడం వద్దు. బరువైన బ్యాగ్‌ను వేలసార్లు తన్నడం వల్ల ఎముక తనను తాను నెమ్మదిగా దిట్టం చేసుకుంటుంది. దానికి నెలలు, ఏళ్లు పడతాయి, అడ్డదారి లేదు. తేడా గుర్తుపట్టడం నేర్చుకోండి. ఎముక లోపలి అంచు పొడవునా పరుచుకున్న నొప్పి అయితే అతిగా పరుగెత్తినందువల్ల, వారం పది రోజులు పరుగు తగ్గిస్తే తగ్గుతుంది. వేలితో నొక్కితే ఒకే చుక్క దగ్గర ప్రాణం పోయేంత నొప్పి, ఒంటికాలి మీద గెంతితే అదే చోట పోటు అంటే ఎముకలో సన్నని పగులు అనుమానించాలి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో అది కనపడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని చెప్పి తన్నడం మొదలెడతారు, అప్పుడు ఎముక నిజంగానే విరుగుతుంది. ఎంఆర్‌ఐ తీయించాలి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి.

బరువు తగ్గడం. ఉదాహరణకు మీరు 63.5 కిలోల బౌట్ ఒప్పుకున్నారనుకోండి. మామూలు బరువు 65.5 మించకూడదు. చివరి మూడు రోజులు పీచు ఎక్కువున్న కూరగాయలు, ఉప్పు తగ్గిస్తేనే పేగుల్లో బరువు ఒక కిలో దాకా దిగుతుంది. మిగతాది చెమట. బరువు చూసేది బౌట్ రోజు పొద్దునే అయితే ఒంటి బరువులో 2 శాతం మించి నీళ్లు తీయొద్దు. ముందురోజు చూస్తే 3, 4 శాతం దాకా ఓర్చుకోవచ్చు. ఒంట్లో నీరు తగ్గినవాడు అలిసిపోవడం ఒక్కటే ప్రమాదం కాదు, తలకు తగిలే దెబ్బకు మెదడు మరింత ఎక్కువగా గాయపడే అవకాశం ఉందనేది అసలు భయం. నాంపెన్‌లో ఏప్రిల్, మే నెలల ఎండ గట్టిగా ఉంటుంది, దానికి గాలిలో తేమ కూడా తోడు. ఆ వాతావరణంలో స్వెట్ సూట్ (చెమట పట్టించే దుస్తులు) వేసుకుని పరుగెత్తడం ప్రాణాంతకం.

బరువు చూపించాక, పోయిన ఒక్కో కిలోకు ఒకటింపావు నుంచి ఒకటిన్నర లీటర్ల చొప్పున ఓఆర్‌ఎస్ గుక్క గుక్కగా తాగండి. మొదటి గంటలో లీటరు దాటితే వాంతి కావచ్చు. అక్కడ 'బొబర్' అనే బియ్యపు జావ ప్రతి వీధిలో దొరుకుతుంది, కొంచెం ఉప్పు, చికెన్ వేసి ఇస్తారు. అంతకంటే మంచి తిండి ఆ పూటకు లేదు. వేపుళ్లు, మిరపకాయ, పాలు బౌట్ అయ్యేదాకా ముట్టొద్దు.

కార్నర్, కోతలు. విరామం ఒక్కోసారి 90 సెకన్లే. కూర్చున్న మొదటి 15 సెకన్లు ఎవరూ మాట్లాడకూడదు, ఊపిరి అందనివ్వాలి. తర్వాత ఒకే ఒక్క సూచన. ముగ్గురు మూడు మాటలు అరిస్తే బాక్సర్ చెవికి ఒక్కటీ చేరదు. కనుబొమ్మ చీలితే ముందు పొడి గుడ్డతో తుడిచి, 1:1000 అడ్రినలిన్‌లో ముంచిన దూదిని నేరుగా చీలిక మీద పెట్టి నిమిషం పాటు గట్టిగా నొక్కాలి. మధ్యలో తీసి చూస్తే కట్టిన రక్తం మళ్లీ జారుతుంది. చివర్లో వాజలైన్ దట్టంగా పూయాలి. కనురెప్ప మీదే చీలితే కార్నర్ చేయగలిగింది ఏమీ లేదు, బౌట్ ఆపమనడమే సరైన పని. మొహం మీద కుట్లు ఐదు నుంచి ఏడు రోజుల్లో విప్పుతారు. విప్పారు కదా అని స్పారింగ్‌కు దిగితే అదే గీత వెంట మళ్లీ చీలుతుంది, నెల రోజులు ఆగండి. కెరీర్ చివర్లో చిన్న తాకిడికే నెత్తురు కారే కనుబొమ్మలు చూస్తుంటాం. అవన్నీ రెండు వారాలకే మళ్లీ రింగెక్కినవాళ్లవి.

తల సంగతి అంతకంటే పెద్దది. అమెచ్యూర్ బాక్సింగ్‌లో చాలాకాలంగా ఉన్న నియమం ఇది: ఒక నాకౌట్ తర్వాత 30 రోజులు, మూడు నెలల్లో రెండుసార్లు అయితే 90 రోజులు, ఏడాదిలో మూడుసార్లు అయితే ఏడాదిపాటు రింగెక్కకూడదు. ఇందులో స్పారింగ్ కూడా కలిసే ఉంటుంది. నెలకు రెండు బౌట్లు ఆడే పేద కుర్రాడికి ఈ లెక్క పాటించే స్తోమత ఉండదు. ఇంట్లో అప్పు ఉంటుంది, ఫోన్ చేసిన ప్రమోటర్‌కు కాదనలేడు. చాలామంది ఛాంపియన్ల కెరీర్ 28, 30 ఏళ్లకే ముగియడానికి పెద్ద కారణం ఇదే. మంచి దశ ఎన్నేళ్లుంటుందనేది వాళ్ల క్రూ ఎన్ని బౌట్లు వద్దన్నాడనే దాని మీద ఆధారపడి ఉంటుంది. మీకు ఆ పేదరికం ఒత్తిడి లేదు, కాబట్టి ఈ లెక్క తప్పడానికి మీకు ఏ సాకూ లేదు.

డబ్బు. 2000ల దశకంలో మామూలు టీవీ బౌట్‌కు బాక్సర్ చేతికొచ్చింది పదుల డాలర్లే. (అక్కడ సొంత కరెన్సీ రియెల్‌తో పాటు డాలరూ చెల్లుతుంది.) పేరున్నవాళ్లకు అంతకు కొన్ని రెట్లు. గెలిచినప్పుడు పందెం కాసినవాళ్లు, అభిమానులు ఇచ్చే బహుమతి ఒక్కోసారి ఫీజును మించేది. ఆ వచ్చినదాంట్లో క్లబ్బుకు వాటా పోతుంది. 2023 క్రీడల చుట్టుపక్కల ఆటకు ప్రభుత్వ ఆదరణ, స్పాన్సర్లు పెరిగి పైస్థాయి బాక్సర్ల ఆదాయం మెరుగైంది, కిందిస్థాయిలో ఇప్పటికీ ఇబ్బందే. ఆట మానేశాక కొందరు కోచ్‌లవుతారు, కొందరు సొంత క్లబ్ పెడతారు, సైన్యంలోనో పోలీసుల్లోనో ఉద్యోగం ఉన్నవాళ్లు అందులో కొనసాగుతారు. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో ఖ్మేర్ జనాభా ఎక్కువ, అక్కడా, ఫ్రాన్స్‌లోనూ నేర్పేవాళ్లున్నారు. మిగతావాళ్లు ఊరెళ్లి పొలం పని, మోటారు టాక్సీ. ఈ చివరి వరుసలో ఒకప్పుడు టీవీలో ఊగిపోయేలా ఆడినవాళ్లూ ఉంటారు. ఇది నన్ను ఎప్పుడూ కలవరపెట్టే విషయం.

మీరు వెళ్లేముందు చేయాల్సినవి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు, 0, 1, 6 నెలల్లో. అంటే ఇవాళ మొదలెడితే ఆరు నెలల తర్వాతే పూర్తవుతుంది, ముందు దాన్ని వేయించుకోండి. నెత్తురు కారే ఆటలో ఇది ఐచ్ఛికం కాదు. వెళ్లేముందు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు, కంటి రెటీనా పరీక్ష చేయించి, మెదడుకు ఒక ఎంఆర్‌ఐ తీయించి దగ్గర పెట్టుకోండి. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ బౌట్‌లో తగిలిన దెబ్బకు సాధారణంగా చెల్లదు, పాలసీలో 'పోరాట క్రీడలు' అనే మాట వెతకండి. టూరిస్ట్ వీసా నెల రోజులకే ఇస్తారు, ఒకసారి పొడిగించుకోవచ్చు. మూడు నెలలకు మొదటే వేరే రకం వీసా తీసుకోవాలి.

జిమ్ ఎంచుకునేటప్పుడు మూడు అడగండి. పోటీలకు వెళ్లే ఖ్మేర్ బాక్సర్లు అక్కడ ఎంతమంది రోజూ సాధన చేస్తున్నారు? క్లించ్ రోజుకు ఎన్ని నిమిషాలు? బౌట్ ఎప్పుడు ఇస్తారు? మూడో ప్రశ్నకు "వచ్చే వారమే" అనే జిమ్ వద్దు. ఎనిమిది వారాల లోపు మిమ్మల్ని మోచేయి చెల్లే బౌట్‌లో దించేవాడు మీ గురించి ఆలోచించడం లేదు.

థాయ్‌లాండ్‌లో నెల, కంబోడియాలో నెల అని భూమార్గం మీద ప్లాన్ వేసుకోకండి. 2025 జులైలో, మళ్లీ డిసెంబరులో సరిహద్దులో కాల్పులు జరిగాయి. సరిహద్దు జిల్లాలకు వెళ్లేముందు అప్పటి పరిస్థితి, మన రాయబార కార్యాలయం సూచనలు చూసుకోండి.

ఇంకొకటి, తెలుగువాళ్లకు ప్రత్యేకంగా. కంబోడియాలో ఉద్యోగమని చెప్పి తీసుకెళ్లి, పాస్‌పోర్టు లాక్కుని, సైబర్ మోసాల కేంద్రాల్లో బలవంతంగా పనిచేయించిన కేసులు మన దగ్గర బయటపడ్డాయి. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టింది అలాంటిదే. ఏ ఏజెంటయినా "అక్కడ జిమ్‌లో ట్రైనర్ ఉద్యోగం, టికెట్ మేమే ఇస్తాం" అంటే అక్కడే ఆగిపోండి. శిక్షణకు వెళ్లేవాడు డబ్బు కడతాడు, ఎదురు డబ్బు ఎవరూ ఇవ్వరు. జిమ్‌తో మీరే వీడియో కాల్‌లో మాట్లాడండి, సాధన జరుగుతున్న సమయంలో కెమెరా తిప్పి చూపించమనండి, రాను పోను టికెట్ మీరే కొనుక్కోండి, పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకండి.

మీ ప్రస్తుత బరువు, ఇప్పటిదాకా ఆడిన బౌట్లు ఎన్ని, ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పిందా అనేవి కింద రాస్తే, ఆ ఆరు వారాల సన్నాహం మీకు తగ్గట్టు వారం వారీగా రాసిస్తాను.